ఏడు టీకాలు, ఒక ఎక్సెల్ షీటు: బ్రిటన్‌లో నామినేటెడ్ పదవుల సంగతి

ప్రశ్న ఇదీ: "బ్రిటన్‌లో కూడా మనలాగే పెద్దింటి పిల్లలకీ, పార్టీకి కావలసినవాళ్ళకీ పదవులిస్తారా? లేక అక్కడ అంతా మెరిటేనా? కోవిడ్ టైమ్‌లో టెస్ట్ అండ్ ట్రేస్ (టెస్టులు చేసి, రోగితో తిరిగినవాళ్ళను వెతికి ఇంట్లో ఉండమనే వ్యవస్థ) అప్పగించిన డిడో హార్డింగ్‌కు వైద్యంతో సంబంధమే లేదంటారు, నిజమేనా?"

నేను పదిహేడేళ్ళు ఇంగ్లండ్‌లో, మిడ్‌లాండ్స్ వైపు ఒక కౌన్సిల్‌లో పనిచేశాను. కౌన్సిల్ అంటే మన మున్సిపాలిటీనీ జిల్లా పరిషత్‌నీ కలిపేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చివరి ఎనిమిదేళ్ళూ పబ్లిక్ హెల్త్ విభాగంలో లెక్కలు చూసే పని. మంత్రుల దగ్గర కూర్చున్నవాణ్ణి కాదు. వాళ్ళు తీసుకున్న నిర్ణయం ఈమెయిల్ రూపంలో కిందికి దిగినప్పుడు ఏమవుతుందో చూసినవాణ్ణి.

సూటిగా చెప్పాలంటే, ఇస్తారు. బాగానే ఇస్తారు. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అన్నది మన సామెతే కానీ, లండన్‌లో కూడా ఆకులు బాగానే పరుస్తారు. కానీ ఎవరికిచ్చారన్న దగ్గరే ఆగిపోతే అసలు సంగతి దొరకదు. పదవి ఇచ్చాక, ఆ గదిలో "అయ్యా, ఇది జరిగే పని కాదు" అనగలిగినవాళ్ళు ఎవరైనా మిగిలారా అన్నది చూడాలి. నా అనుభవంలో పని చెడిపోయింది ఎప్పుడూ అక్కడే.

ముందు వారసత్వం సంగతి చెప్పేస్తాను. అందరూ నవ్వుకునేది దాన్ని చూసే, నష్టం మాత్రం అంతగా అక్కడ లేదు.

హౌస్ ఆఫ్ లార్డ్స్ అంటే వాళ్ళ పెద్దల సభ. జనం ఓటేసేది లేదు. 1958 దాకా బిషప్పులు, జడ్జీలు పోను అందులో కూర్చున్నవాళ్ళంతా బిరుదు వచ్చిన పెద్దమనుషులో, వాళ్ళ వారసులో. ఆ ఏడాది చట్టం మార్చి జీవితకాల సభ్యత్వం తెచ్చారు. ప్రధాని పేరు పంపితే రాణిగారో రాజుగారో సరేనంటారు, ఆ మనిషితోనే బిరుదు పోతుంది, పిల్లలకు రాదు. 1999లో బ్లెయిర్ ప్రభుత్వం వారసత్వపు లార్డులను ఇంటికి పంపుతూ, వాళ్ళు బిల్లుకు అడ్డుపడకుండా ఉండేందుకు బేరంగా 92 మందిని ఉంచేసింది. వాళ్ళలో ఒకరు పోతే ఉప ఎన్నిక జరిగేది. 2016లో లిబరల్ డెమోక్రాట్ల వంతు సీటు ఒకటి ఖాళీ అయితే, పోటీలో నిలబడ్డవాళ్ళు ఏడుగురు, ఓటర్లు ముగ్గురు. ముగ్గురూ వైకౌంట్ థర్సో అనే ఆయనకే వేశారు. పోలింగు నూరు శాతం, గెలిచినాయనకు పడ్డ ఓట్లూ నూరు శాతం. మన ఊళ్ళో సర్పంచ్ ఏకగ్రీవం చేయాలన్నా ఇంతకంటే ఎక్కువ మందిని ఒప్పించాలి. మిగిలిన ఆ వారసులను కూడా పంపేయడానికి స్టార్మర్ ప్రభుత్వం 2024లో బిల్లు పెట్టింది.

మేనమామ కథ కూడా ఒకటుంది. 1887లో ప్రధాని లార్డ్ శాలిస్‌బరీ తన అక్క కొడుకు ఆర్థర్ బాల్ఫోర్‌ను ఐర్లండ్ వ్యవహారాల మంత్రిని చేశాడు. శాలిస్‌బరీ పేరు రాబర్ట్, ముద్దుపేరు బాబ్. ఇంగ్లీషువాళ్ళు "ఇంకేముంది, పనైపోయినట్టే" అనడానికి "బాబ్స్ యువర్ అంకుల్" అంటారే, అది ఈ నియామకం నుంచే పుట్టిందని చెప్పుకుంటారు. పదకోశాలు రాసేవాళ్ళు ఒప్పుకోరు గానీ కథ మాత్రం బాగా అతికింది. 1902లో మేనమామ దిగిపోతే ప్రధాని కుర్చీలో కూర్చున్నదీ ఈ మేనల్లుడే. ఇంగ్లీషులో మేనమామకీ బాబాయికీ ఒకటే మాట కాబట్టి వాళ్ళకా రుచి తెలియదు. మనకైతే "మేనమామ చూసుకుంటాడులే" అంటే వెంటనే అర్థమవుతుంది.

ఇది మనకు కొత్తేమీ కాదు, మన గడ్డ మీదే చూశాం. 1800లో నిజాం రాయలసీమను కుంపిణీకి ధారాదత్తం చేసినప్పుడు మద్రాసు గవర్నర్ ఎవరు? ఎడ్వర్డ్ క్లైవ్. ప్లాసీ క్లైవ్‌గారబ్బాయి. పైన గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లెస్లీ, ఆయనకు తోడు ఇద్దరు తమ్ముళ్ళు ఇక్కడే కొలువులో. డెబ్భై అయిదేళ్ళ తరువాత, 1876-78 ధాత కరువులో మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ ప్రభువు. మన కోస్తా వెంబడి పోయే బకింగ్‌హామ్ కాలువకు ఆయన పేరే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆయన తండ్రి ఆస్తి మొత్తం అప్పులపాలు చేసి, 1848లో భవనంలోని సామాన్లు వేలానికి పెట్టుకున్న ఘనుడు. కొడుకు మాత్రం పనిమంతుడే, ఇండియాకు రాకముందు ఒక పెద్ద రైల్వే కంపెనీకి ఛైర్మన్‌గా చేశాడు. కరువులో కూలీలకు వైస్రాయ్ లిట్టన్ పంపిన మనిషి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నప్పుడు, మద్రాసు ప్రభుత్వం వైపు నుంచి అది చాలదన్న వాదన వచ్చింది. వారసత్వంగా వచ్చినవాడు చేతకానివాడే అయివుండాలని రూలేమీ లేదని చెప్పడానికే ఇదంతా.

అసలు సర్కారు కొలువులకు పరీక్ష పెట్టాలన్న ఆలోచన కూడా ఈ బంధుప్రీతి చూసి విసిగినవాళ్ళదే. 1854లో నార్త్‌కోట్, ట్రెవెల్యన్ అనే ఇద్దరు ఇచ్చిన రిపోర్టులో, ప్రభుత్వోద్యోగం కోసం ముఖ్యంగా ఎగబడేది సోమరులూ అసమర్థులూ అన్నంత ఘాటుగా రాశారు. ఆ ట్రెవెల్యనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. ఆ పదవికి మాత్రం పరీక్ష లేదు లెండి.

ఇక ఇప్పటి కాలానికి వస్తాను, ప్రశ్నలో ముఖ్యమైన భాగం అదే.

ప్రభుత్వ సంస్థలకు ఛైర్మన్లనూ బోర్డు సభ్యులనూ వేయడానికి 1995 నుంచి అక్కడ ఒక పద్ధతి ఉంది. ప్రకటన ఇవ్వాలి, ప్యానెల్ ఇంటర్వ్యూ చేయాలి, "వీళ్ళు పనికొస్తారు" అని ప్యానెల్ ఇచ్చిన పేర్లలోంచి మంత్రి ఎంచుకుంటారు. ఇదంతా చూడటానికి ఒక కమిషనర్ ఉంటారు. కాగితం మీద చక్కగా ఉంది కదా. కానీ మంత్రి నేరుగా వేసుకునే పోస్టులు కొన్నుంటాయి. "జార్" అంటారు వాటిని పత్రికలవాళ్ళు, టెస్టింగ్ జార్, వ్యాక్సిన్ జార్ అని. వీటికి ఆ కమిషనర్ రూల్సు వర్తించవు. ఫోన్ చేసి "చేస్తావా?" అని అడగొచ్చు. 2020 మే నెలలో అలా రెండు ఫోన్లు వెళ్ళాయి.

ఒకటి డిడో హార్డింగ్‌కు. తాత ఫీల్డ్ మార్షల్ జాన్ హార్డింగ్, ఎడారి యుద్ధంలో పేరు తెచ్చుకుని, సైప్రస్ గవర్నరుగా చేసి, 1958లో బారన్ అయినాయన. తండ్రికి ఆ బిరుదు వారసత్వంగా వచ్చింది. ఈవిడ ఆక్స్‌ఫర్డ్‌లో, తరువాత ప్రధాని అయిన డేవిడ్ కామెరాన్ చదివిన కాలంలోనే చదివింది. తరువాత సూపర్‌మార్కెట్లలో పెద్ద ఉద్యోగాలు, 2010 నుంచి టాక్‌టాక్ అనే టెలికాం కంపెనీకి అధిపతి. 2014లో కామెరాన్ ఆమెను లార్డ్స్‌కు పంపాడు. మరుసటి ఏడాది టాక్‌టాక్ మీద హ్యాకర్లు పడి లక్షన్నర మందికి పైగా కస్టమర్ల వివరాలు ఎత్తుకుపోయారు, కంపెనీకి 4 లక్షల పౌండ్ల జరిమానా పడింది. 2017లో ఎన్‌హెచ్ఎస్ ఇంప్రూవ్‌మెంట్‌కు, అంటే సర్కారు ఆసుపత్రుల పనితీరు చూసే సంస్థకు, ఛైర్మన్ అయింది. ఆ కుర్చీలో కూర్చుంటే పార్టీ విప్ వదిలేసి స్వతంత్రంగా ఉండమని ఎంపీల ఆరోగ్య కమిటీ సలహా ఇచ్చింది, ఆమె వదల్లేదు. భర్త అధికార పార్టీ ఎంపీ.

రెండో ఫోన్ కేట్ బింగమ్‌కు. తండ్రి లార్డ్ బింగమ్, దేశంలోని అతి పెద్ద జడ్జీల్లో ఒకరు. భర్త జెస్సీ నార్మన్ అప్పటికి ట్రెజరీలో, అంటే ఆర్థికశాఖలో, మంత్రి. ప్రకటన లేదు, ఇంటర్వ్యూ లేదు. వ్యాక్సిన్ టాస్క్‌ఫోర్స్ ఆమెకిచ్చారు.

కాగితం మీద ఇద్దరూ ఒకే అచ్చులో పోసినట్టున్నారు. పేరున్న కుటుంబం, అధికార పార్టీ ఎంపీ భర్త, జీతం లేని పదవి, ప్రధాని పిలుపు. "అయినవాళ్ళకిచ్చారు, అందుకే చెడింది" అనేవాళ్ళు ఇక్కడ ఇరుక్కుపోతారు. ఎందుకంటే రెండోది చెడలేదు. 2020 డిసెంబర్ 8న కోవెంట్రీ ఆసుపత్రిలో 90 ఏళ్ళ పెద్దావిడ భుజానికి ట్రయల్స్ బయట ప్రపంచంలోనే మొదటి ఫైజర్ టీకా పడింది.

తేడా ఎక్కడుంది? ఒకటి అందరూ చెప్పేదే, బింగమ్‌కు మందుల కంపెనీల్లో పెట్టుబడులు పెట్టడంలో ముప్ఫై ఏళ్ళ అనుభవం. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. ఆ పనిలో పది కంపెనీల్లో డబ్బు పెడితే ఏడెనిమిది మునుగుతాయని ముందే లెక్కేసుకుంటారు. ఆవిడ టాస్క్‌ఫోర్స్ కూడా అలాగే మొదలుపెట్టింది. టీకాల్లో చాలావరకు పనిచేయవు, మొదటివైతే అంతంతమాత్రంగానే ఉంటాయి అన్న అనుమానంతో. అందుకే నాలుగు రకాల టెక్నాలజీల్లో ఏడు టీకాలు బుక్ చేశారు. వాటిలో 2021లో జనం చేతికి నిజంగా ఎక్కినవి మూడే. ఒకదాని ఆర్డర్ తరువాత రద్దయింది, ఇంకొకటి చాలా ఆలస్యమైంది. పర్వాలేదు, ప్లాన్‌లోనే దానికి చోటుంది.

టెస్ట్ అండ్ ట్రేస్ సంగతి పూర్తిగా తలకిందులు. అది పుట్టకముందే, మే 20న ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటులో నిలబడి జూన్ 1కల్లా ప్రపంచంలోనే మేటి వ్యవస్థ వస్తుందని, 25 వేల మంది ట్రేసర్లు ఉంటారని ప్రకటించేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇక ఆ తరువాత వచ్చినవాళ్ళ పని సోమలింగాన్ని ఎలాగోలా చూపించడమే.

కాల్ సెంటర్లు అద్దెకు తీసుకున్నారు. జూన్ మధ్యలో ఆ కాల్ సెంటర్ వాళ్ళు జీతం తీసుకున్న సమయంలో పని చేసింది 1 శాతమని ప్రభుత్వ ఆడిట్ సంస్థే రాసింది. సెప్టెంబర్‌లో స్కూళ్ళు తెరిచారు. పిల్లలకు జలుబు, దగ్గు. తల్లిదండ్రులంతా టెస్టుల కోసం ఎగబడ్డారు, కొందరికి వంద మైళ్ళ దూరంలో స్లాట్ చూపించింది వెబ్‌సైట్. డిమాండ్ ఇంతగా పెరుగుతుందని ఎవరూ అనుకోలేదని హార్డింగ్ ఎంపీలకు చెప్పింది. సెప్టెంబర్‌లో స్కూలు తెరిస్తే ఇంగ్లండ్‌లో పిల్లలకు దగ్గు వస్తుందని మా వీధిలో పాలు వేసేవాడికి కూడా తెలుసు. అదే నెల 21న ప్రభుత్వ శాస్త్రవేత్తల బృందం, ఈ వ్యవస్థ వల్ల వ్యాధి వ్యాప్తి మీద పడుతున్న ప్రభావం నామమాత్రమే అని రాసుకుంది.

ఆ వెంటనే ఎక్సెల్ షీటు. నేను లెక్కల మనిషిని కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ల్యాబుల నుంచి వచ్చే పాజిటివ్ కేసుల ఫైళ్ళను పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్‌లో పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్‌లోకి ఎక్కించేవారు. దానికి 65,536 వరసలే పడతాయి. ఒక్కో కేసుకు చాలా వరసలు పడతాయి కాబట్టి దాదాపు 1,400 కేసులు నిండగానే షీటు అయిపోతుంది, మిగతావి చప్పుడు చేయకుండా కింద రాలిపోతాయి. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య అలా 15,841 కేసులు రాలిపోయాయి, వాళ్ళ కాంటాక్టులకు ఫోన్లు వెళ్ళలేదు. ఆ తప్పు హార్డింగ్ చేసింది కాదు. కానీ ఆ సంస్థను రద్దు చేస్తున్నామని ఆగస్టులో, మహమ్మారి నడిమధ్యలో ప్రకటించారు. దాని స్థానంలో వచ్చేదానికి తాత్కాలిక అధిపతి ఎవరు? హార్డింగే. సంస్థ మూతపడుతుందని తెలిసిన ఆఫీసులో, ఇరవయ్యేళ్ళ నాటి సాఫ్ట్‌వేర్ మార్చమని ఎవరు ఫైలు పెడతారు చెప్పండి.

డబ్బు దగ్గర ఒక పొరపాటు సరిదిద్దాలి. "37 బిలియన్ పౌండ్లు మింగేసింది" అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. 37 బిలియన్లు రెండేళ్ళకు కేటాయించిన బడ్జెట్. మొదటి ఏడాది నిజంగా ఖర్చయింది 13.5 బిలియన్లు, అందులో ఎక్కువ భాగం టెస్టులకే. టెస్టుల సామర్థ్యం అక్టోబర్ చివరికి రోజుకు 5 లక్షలు దాటింది, అది చిన్న పనేమీ కాదు. అయినా పార్లమెంటు పద్దుల కమిటీ 2021 మార్చిలో, ఇంత ఖర్చుకు తగ్గ ఫలితం ఉందనడానికి స్పష్టమైన ఆధారం లేదని తేల్చింది. కన్సల్టెంట్లకు సగటున రోజుకు 1,100 పౌండ్లు, ఒకరిద్దరికి 6,600 పైన. ఆ ఒక్క రోజు కూలికి మా కౌన్సిల్‌లో మనిషి మూడు నెలలు పనిచేస్తాడు.

నియామకం మీద కోర్టుకు కూడా వెళ్ళారు. 2022 ఫిబ్రవరిలో హైకోర్టు, హార్డింగ్‌ను ఆ కొత్త సంస్థకు తాత్కాలిక అధిపతిగా వేసేటప్పుడు సమానత్వ బాధ్యతను (అన్ని వర్గాలకూ సమాన అవకాశం ఉందా అని చూసుకోవాలన్న నియమాన్ని) పాటించలేదని చెప్పింది. మిగతా ఆరోపణలను ఒప్పుకోలేదు. పేపర్ల హెడ్డింగులు చదివి తీర్పు చదవనివాళ్ళకు ఈ రెండో ముక్క తెలియదు.

ఇదంతా పైవాళ్ళ జబ్బే అనుకోకండి. మా ఆఫీసులో కూడా చూశాను. కోవిడ్‌కు రెండేళ్ళ ముందు అనుకుంటా, వృద్ధుల సంరక్షణ విభాగానికి కొత్త కంప్యూటర్ సిస్టం పెట్టాలని ప్రాజెక్టు మొదలైంది. పైన కూర్చున్న డైరెక్టర్ కౌన్సిల్ లీడరుగారి మనిషి, తెలివైనవాడే, మంచివాడే. ఏప్రిల్ 1న ప్రారంభం అని లీడరుగారు ముందే మీటింగులో చెప్పేశారు. ప్రతి నెలా ఒక రిస్క్ రిజిస్టర్ తయారవుతుంది, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో. పాత డేటాను కొత్తదాంట్లోకి మార్చే పనికి మా టీము ఎరుపు పెట్టింది. మా మేనేజర్ దాన్ని "ఎరుపే గానీ చర్యలు తీసుకుంటున్నాం" అని పసుపు చేశాడు. ఆ పైన మీటింగుకు వెళ్ళేసరికి అది ఆకుపచ్చ. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కరూ ఒక్కో మెట్టు దగ్గర కొంచెం మెత్తబరిచారు, అంతే. ఇలాంటి ప్రాజెక్టులను అక్కడి ఆఫీసుల్లో పుచ్చకాయ అంటారు, పైన పచ్చ, కోస్తే ఎరుపు. మాది తేదీ దాటి పద్నాలుగు నెలలకు నడిచింది. మేనేజర్ ఎందుకలా చేశాడని తరువాత టీ తాగుతూ అడిగితే, "ఆ తేదీ చెప్పింది లీడర్. ఎరుపు అంటే లీడర్ తప్పు చెప్పాడన్నట్టు కదా" అన్నాడు.

ఇదే లండన్‌లో కొన్ని వేల రెట్లు పెద్దదిగా జరుగుతుంది. అయితే న్యాయంగా చెప్పాలి, "కాదు" అనడానికి అక్కడ ఒక మంచి ఏర్పాటు ఉంది, మనవాళ్ళు తెలుసుకోదగ్గది. ప్రతి శాఖలో ఐఏఎస్ స్థాయి పెద్దాఫీసరు, పర్మనెంట్ సెక్రటరీ, ఖర్చుకు వ్యక్తిగతంగా జవాబుదారీ. మంత్రి చెప్పిన పనిలో డబ్బుకు తగ్గ ఫలితం రాదని ఆయనకు అనిపిస్తే, "నాకు రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి" అని అడగొచ్చు. మంత్రి ఇవ్వాలి, ఆ ఉత్తరాలు బయటపెడతారు. 2022 ఏప్రిల్‌లో హోం శాఖ పర్మనెంట్ సెక్రటరీ సరిగ్గా ఇదే చేశాడు. పడవల్లో వచ్చే శరణార్థులను రువాండా పంపేస్తే భయపడి రావడం మానేస్తారన్న పథకం అది. భయపడతారనడానికి ఆధారం చాలదని ఆయన రాశాడు. మంత్రి ప్రీతి పటేల్ "అయినా చెయ్యండి" అని ఆదేశం ఇచ్చింది.

తరువాత జరిగింది వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టు, రువాండా సురక్షితమైన చోటు కాదని చెప్పింది. దానికి ప్రభుత్వం ఏం చేసింది? రువాండా సురక్షితమే అని 2024లో ఏకంగా చట్టం చేసింది. ఒక దేశంలో పరిస్థితి ఎలా ఉందన్నది ఇంకో దేశం పార్లమెంటులో ఓటింగు పెట్టి తేల్చారన్నమాట. వానాకాలంలో వాన పడదని జీవో ఇచ్చినట్టు. ఎన్నికల తరువాత వచ్చిన ప్రభుత్వం లెక్క చెప్పింది, 70 కోట్ల పౌండ్లు ఖర్చు, రువాండా వెళ్ళింది నలుగురు, అదీ ఇష్టపూర్వకంగా వెళ్ళినవాళ్ళు.

కాబట్టి ఏర్పాటు ఉన్నంత మాత్రాన సరిపోదు. లిజ్ ట్రస్ అయితే ఏర్పాటునే తీసేసింది. ట్రస్ పెద్దింటి బిడ్డేమీ కాదు, లీడ్స్‌లో గవర్నమెంటు బళ్ళో చదువుకుంది, ఆ మాటకొస్తే వారసత్వం గురించి మాట్లాడేవాళ్ళు ఈవిడ దగ్గర ఆగి ఆలోచించాలి. 2022 సెప్టెంబర్‌లో ప్రధాని అయిన రెండు రోజులకే ట్రెజరీ పర్మనెంట్ సెక్రటరీ టామ్ స్కాలర్‌ను పంపేశారు. బడ్జెట్‌కు ముందు అంచనాలు వేసే స్వతంత్ర సంస్థ తన అంచనా ఇస్తానంటే, వద్దన్నారు. సెప్టెంబర్ 23న 45 బిలియన్ పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు, ఆ డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో చెప్పకుండా. కాదనేవాళ్ళు గదిలో ఎవరూ లేరు కాబట్టి, ఆ పని మార్కెట్ చేసింది. మూడు రోజుల్లో పౌండు డాలర్ మీద చరిత్రలోనే అతి కిందికి పడింది. పెన్షన్ ఫండ్లు మునుగుతుంటే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగాల్సి వచ్చింది. ఆర్థికమంత్రి క్వార్టెంగ్ 38 రోజులకే ఇంటికి, ప్రధాని రాజీనామా 45వ రోజున.

మన తెలుగువాళ్ళకు అది పేపర్లో వార్త కాదు. రెడింగ్‌లో, స్లౌలో, మిల్టన్ కీన్స్‌లో ఐటీ ఉద్యోగాలు చేసుకుంటూ ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు ఎంతోమంది. అక్టోబర్‌లో రెండేళ్ళ ఫిక్స్‌డ్ మార్టిగేజ్ రేటు 6 శాతం దాటింది. మా చుట్టాలబ్బాయి ఒకడికి సరిగ్గా నవంబర్‌లో పాత డీల్ అయిపోతోంది. నెలకు నాలుగు వందల పౌండ్లు ఎక్కువ కట్టాలని లెక్క తేలాక, ఇంట్లో టెన్షన్‌తో వాడు ఒంగోలులో ఉన్న మా బాబాయికి ఫోన్ చేశాడు. బాబాయి రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. అంతా విని, "అప్పు తీర్చే దారి చూపించకుండా లోన్ అప్లికేషన్ పెట్టింది ఎవర్రా, మీ ప్రధానా?" అన్నాడట.

ఓడల సంగతి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. యూరప్ నుంచి ఒప్పందం లేకుండా బయటపడితే డోవర్ రేవు కిక్కిరిసిపోతుందని, 2018 చివర్లో రవాణా మంత్రి క్రిస్ గ్రేలింగ్ వేరే దారిలో సరుకు నడపడానికి కంపెనీలతో ఒప్పందాలు చేసుకున్నాడు. సీబోర్న్ ఫ్రెయిట్ అనేదానికి 1.38 కోట్ల పౌండ్ల కాంట్రాక్టు. ఆ కంపెనీకి ఓడలు లేవు. ఎప్పుడూ ఓడలు నడపలేదు కూడా. వాళ్ళ వెబ్‌సైట్‌లో నిబంధనలు చదివితే, డబ్బు కట్టేముందు తెచ్చిన సరుకు సరిగా చూసుకోండి అన్న తీరులో ఉన్నాయి. భోజనం పార్శిల్ ఇచ్చే షాపు నిబంధనలు కాపీ కొట్టినట్టు. ఫిబ్రవరిలో ఒప్పందం రద్దయింది. తమను అడగకుండా ఇచ్చారని, సముద్రం కింది రైలు సొరంగం నడిపే యూరోటన్నెల్ దావా వేస్తే, 3.3 కోట్ల పౌండ్లు ఇచ్చి రాజీ చేసుకున్నారు. గ్రేలింగ్ ఆ తరువాత లార్డ్స్‌లోకి వెళ్ళాడు.

"మరి లార్డ్స్‌లోకి ఎవర్ని పంపాలో చూసే కమిటీ లేదా?" అని అడగొచ్చు. ఉంది, 2000 నుంచి. కానీ అది సలహా మాత్రమే చెబుతుంది. 2020 డిసెంబర్‌లో పీటర్ క్రడ్డాస్ అనే వ్యాపారి పేరును ఆ కమిటీ కాదంటే జాన్సన్ తోసిపుచ్చాడు, అలా చేసిన మొదటి ప్రధాని ఆయనే. క్రడ్డాస్ సభలో అడుగుపెట్టిన కొద్ది రోజులకే పార్టీకి 5 లక్షల పౌండ్ల విరాళం వచ్చింది. చట్టప్రకారం అందులో తప్పేమీ లేదు. 1925లో బిరుదులు అమ్మడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు, ప్రధాని లాయిడ్ జార్జ్ కాలంలో బేరాలు బజారుకెక్కాక. వందేళ్ళలో ఆ చట్టం కింద శిక్ష పడింది ఒక్కడికే, 1933లో, మాండీ గ్రెగరీ అనే దళారికి.

మళ్ళీ హార్డింగ్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆవిడ విషయంలో నా అభిప్రాయం తరువాత కొంత మారింది. 2021 ఫిబ్రవరిలో, రోజుకు దాదాపు 20 వేల మంది ఐసోలేషన్ పూర్తిగా పాటించడం లేదని ఆవిడే ఎంపీలకు చెప్పింది. 2025లో కోవిడ్ విచారణ కమిషన్ ముందు ఇంకా విప్పి చెప్పింది. ఇంట్లో ఉండేవాళ్ళకు డబ్బు సాయం పెంచమని తాను అడిగానని, ట్రెజరీ ఒప్పుకోలేదని. అంటే ఆవిడకు తెలుసు. ఆ మాట 2020లోనే పార్లమెంటులో గట్టిగా అనివుంటే వేరేగా ఉండేదేమో. కానీ ఆవిడ కూర్చున్నది అదే పార్టీ బెంచీలో, పదవి ఇచ్చింది అదే ప్రభుత్వం.

ఆ సంగతి తెలుసుకోవడానికి కమిషన్ దాకా వెళ్ళక్కర్లేదు. 2020 ఆగస్టులో మా కౌన్సిల్‌లో ఫోన్ ఎత్తనివాళ్ళ ఇళ్ళకు మనుషులను పంపడం మొదలుపెట్టారు. హిందీ వచ్చని నన్ను కూడా తోలారు. మాస్కు, మెడలో ఐడీ కార్డు, చేతిలో క్లిప్‌బోర్డు. మూడో అంతస్తు, లిఫ్ట్ పనిచేయడం లేదు. పంజాబీ ఆయన తలుపు సగమే తీశాడు, గోదాములో ఏజెన్సీ కింద రాత్రి షిఫ్టు పని. కాంటాక్టు కాబట్టి పద్నాలుగు రోజులు ఇంట్లోనే ఉండాలని చెప్పాను. సిక్ పే ఎంతొస్తుందని అడిగాడు. వారానికి 95 పౌండ్ల 85 పెన్నీలు, అదీ అర్హత ఉంటే, అన్నాను. ఆయన లోపలికి చూసి, గొంతు తగ్గించి, "రెండు వారాల అద్దె నువ్వు కడతావా భాయ్?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

నా ఫారంలో ఆ మాట రాయడానికి గడి లేదు. "సమాచారం అందజేశాం" అన్న గడిలో టిక్కు పెట్టి, తేదీ వేసి, మెట్లు దిగాను.